నడి దూలం మీది ముడుపు

ఎల్లస్వామి నడి దూలం మీద రెండు కాళ్లూ చెరోవైపు వేలాడేసుకుని కూర్చున్నాడు గానీ, ఎక్కినప్పటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. కింద వెనకర్రలో నిల్చుని అటుక సందులోంచి చూస్తున్న కళావతికి అతని మడమలూ, దుమ్ము పట్టిన పంచె అంచూ మాత్రమే కనిపిస్తున్నాయి. వడ్రంగం చేసే వడ్లాయన ఇంటి కప్పులోకి ఎక్కి గమ్మున ఉండిపోయాడంటే, వైద్యుడు నాడి పట్టుకుని గమ్మున ఉండిపోయినట్టే. ఇంటివాళ్లకు కాళ్లు చల్లబడతాయి.

"ఏందే ఎల్లస్వామి, ఉలుకు లేదు పలుకు లేదు" అన్నాడు వీరేశం. నిచ్చెన జారకుండా మొదట్లో పట్టుకుని నిల్చున్నది ఆయనే.

"సేటూ, జర మీరే పైకి రాండ్రి. నేను చెప్తే నమ్మరు."

వీరేశం బట్టల దుకాణంలో గద్దె మీద కూర్చుని కూర్చుని ఒళ్లు చేసిన మనిషి. నిచ్చెన మెట్టు మెట్టుకీ మూలిగింది. కళావతి వెళ్లి ఆయన వదిలేసిన చోట నిచ్చెన పట్టుకుంది.

మట్టెవాడలో వాళ్లది పాత గూన పెంకుల ఇల్లు. ముందు భాగంలో వీరేశం, కళావతి, అత్త లక్ష్మీనర్సమ్మ ఉంటారు. వెనక రెండు అర్రలు కిరాయికిచ్చారు. అందులో మిషన్ దవాఖానలో కాంపౌండరు సుందర్ రావు, అక్కడే నర్సుగా ఉన్న అతని భార్య రూతు పదేళ్లుగా ఉంటున్నారు. పోయిన వానాకాలం నడిమింటి కప్పు బొజ్జలా కిందికి దిగింది. గోడ నుంచి గోడకు వరసగా వేసిన దంతెల్లో రెండు నెర్రెలిచ్చాయి. వాటి మీద పరిచిన అటుక బల్లల సందుల్లోంచి నీళ్లు కారి మూటల కొద్దీ మిరపకాయలు బూజు పట్టాయి. ఎనభై ఒకటి ఎండాకాలం వచ్చేసరికి ఇంక వాయిదా వేసే వీల్లేక, మృగశిర లోపల పని కావాలని ఎల్లస్వామిని పిలిపించారు. సగం పెంకులు దించి వాకిట్లో పేర్చారు. ఇల్లు కట్టిన నాటి నుంచి చీకట్లో ఉన్న అటుకలో ఇప్పుడు ఎండ పడుతోంది.

"గిది నడి దూలం" అంటున్నాడు పైన ఎల్లస్వామి. "మీద ఉన్నది వెన్ను దూలం. పెంకల బరువంత దాని మీదనే. ఈ రెంటికి నడుమ నిలబెట్టిన టేకు పలకలు జూడు, జానెడు వెడల్పు. గవే దాన్ని ఎత్తి పట్టుకుంటయి. ఇగో, ఈడొకటున్నది. ఆ కొసకొకటున్నది. నడుమ రెండు లెవ్వు."

"లేకపోవుడేంది? ఊడి పడ్డయా?"

"ఊడి పడితే ఈన్నే ఉండాలె గద సేటూ. చీల గొట్టి, పలకను పక్కకు జరిపి, మంచిగ తీసుకపోయిన్రు. గాడి జూడుండ్రి, ఒక్క చెక్క చిట్లలే. ఆసరా లేక వెన్ను కుంగింది. బరువచ్చి దంతెల మీద వడ్డది. టేకువి గనుక ఇన్నేండ్లు ఆగినయి. లేకుంటే మీరు పడుకున్న కాన్నే సమాధి."

నడిమింట్లో పడుకునేది కళావతీ, కొడుకూ. వాడు సెలవులకు జనగామలో అమ్మమ్మ ఇంటికి పోయాడు గానీ లేకపోతే నిన్న రాత్రి కూడా అక్కడే, ఆ బొజ్జ కిందే, కాళ్లు బారజాపుకుని పడుకునేవాడు.

వీరేశం దిగి వచ్చి అర్రంతా ఒకసారి చూశాడు. రూతు సామానంతా ఒక మూలకు లాగి, దుమ్ము పడకుండా దుప్పటి కప్పింది. పనివాళ్ల కోసం ఇత్తడి గిన్నెలో ఛాయ పెట్టి ఉంచింది. అటుకలోకి ఉన్న దారి ఒక్కటే, అది ఈ అర్రలోంచే. ఆ సంగతి ఆయనకూ కళావతికీ ఒకేసారి తట్టింది.

"రూతమ్మా, సుందర్ రావు ఎప్పుడొస్తడు?"

"బువ్వకొస్తడు సేటూ. ఏమైంది?"

"రానీ."

సుందర్ రావు సైకిల్ గోడకు ఆనించి, పంట్లాము క్లిప్పులు తీసుకుంటూ లోపలికి వచ్చాడు. నడివయసు మనిషి, తెల్ల చొక్కా, జేబులో కలం. వీరేశం అతన్ని కూర్చోమనలేదు. సంగతి చెప్పాడు. చెప్తూ చెప్తూ గొంతు పెంచాడు. అలికిడికి లక్ష్మీనర్సమ్మ మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి గడప దగ్గర కూర్చుంది. అప్పటిదాకా ముందింట్లో చింతపండు గింజ తీస్తున్నదేమో, చేతి వేళ్లు నల్లగా జిగటగా ఉన్నాయి.

"మిమ్ముల నేను అనుమానిస్తలేను" అన్నాడు వీరేశం, ఒళ్లంతా అనుమానమై. "నేను తియ్యలేదని ఒక్క మాట చెప్పు, అయిపాయె."

సుందర్ రావు పైకి చూశాడు. పెంకులు లేని కప్పులోంచి పడిన ఎండలో దుమ్ము తిరుగుతోంది. తర్వాత గడప వైపు చూశాడు. ముసలామె కళ్లు దించుకుని వేలికి అంటిన చింతపండు పీచు తీసుకుంటోంది.

"తీసింది నేనే సేటూ" అన్నాడు. "గని దొంగతనం చెయ్యలే."

కాదంటాడనుకుంది కళావతి. ప్రమాణం చేస్తాడనుకుంది. రూతు ఏడుస్తుందనుకుంది. ఇంత నిమ్మళంగా, ఔను నేనే అన్నవాణ్ణి ఏం చేయాలో అక్కడున్న ఎవరికీ తెలియలేదు.

"మరి ఎందుకు తీసినవ్? ఏం జేసినవ్ వాటిని?"

"అది చెప్పరాదు."

"చెప్పరాదా? నా పిలగాడు దాని కింద పంటాండు. కప్పు కూలి వాడు సస్తే అప్పుడు చెప్తుంటివా?"

దానికి సుందర్ రావు పెదవులు కదిలాయి. "గంత బరువు దాని మీద ఉంటదని మాకు తెల్వలే సేటూ. యేసయ్య సాక్షి. తెలిస్తే ముట్టకపోదుం." రూతు దుప్పటి కప్పిన సామాను పక్కన నిల్చుని, ఆ దుప్పటి అంచును మడత మీద మడత పెడుతోంది.

"పోనియ్‌రా, లొల్లెందుకు" అంది లక్ష్మీనర్సమ్మ గడప నుంచి. "మీ నాయిన ఉన్నన్నాళ్లు మంచిగ మెసిలినోల్లు. ఇయ్యాల మనసు ఇరిగినంక ఒక్క కప్పు కింద ఉండుడెట్ల. పోతరు తియ్."

కొడుకు కోపాన్ని చల్లార్చడానికి అందని అనుకుంది కళావతి. కానీ వీరేశానికి దారి దొరికింది. శుక్రవారం కొత్త పలకలు ఎక్కిస్తున్నాం, ఆ లోపల ఖాళీ చేయమన్నాడు. దొంగలు అనే మాట ఆయన నోటి నుంచి రెండుసార్లు వచ్చింది. రెండోసారి వాకిట్లో అన్నాడు, పక్కింటివాళ్లు వినేలా.

ఆ మధ్యాహ్నమంతా కళావతి రూతు గురించే తలపోసింది. మొదటి కాన్పులో నెలలు నిండక ముందే నొప్పులొస్తే పురుడు పోసింది రూతు. ఆడపిల్ల, పుట్టగానే పోయింది. జ్వరం తలకెక్కి తను స్పృహ లేకుండా పడి ఉంటే, పక్కన కూర్చుని తడిగుడ్డ వేసిందీ రూతే. రూతక్కా అని నోరారా పిలుచుకున్న మనిషి. పెరట్లో కళావతి పెంచుకునే చేమంతులంటే ఆమెకు ఎంత ఇష్టమో. ఏటా సమాధుల పండుగ వస్తే చాలు, సిగ్గుపడుతూ వచ్చి, "చెల్లె, రెండు గుప్పిళ్ల పూలియ్యవా, మావోల్లకు పెట్టుకుంట" అని అడిగేది. కళావతి కోసి ఇచ్చేది. పోయినేడు మాత్రం శుక్రవారం పూజకు తక్కువవుతాయని ఒక్క గుప్పెడు పెట్టి పంపింది. ఇప్పుడా సంగతి గుర్తొచ్చి పళ్లు పటపటమన్నాయి. పూలు అడిగి పట్టుకుపోయింది, కర్రను అడగకుండా పట్టుకుపోయింది, తేడా అంతేనన్నమాట. అలా అనుకుంటే కసి తీరుతుందనుకుంది. తీరకపోగా ఏడుపు వచ్చింది.

*

మర్నాడు దంతెలు దించారు. నెర్రెలిచ్చినవాటి కింద సర్వీ కర్ర గుంజలు ఆపు పెట్టి, ఒక్కొక్క దంతెనూ గోడలోంచి రెండు కొసలా వదులు చేసి, తాళ్లతో కిందికి వదిలారు ఎల్లస్వామీ, ఇద్దరు కూలీలూ. గోడలో ఉన్నంత మేర కర్ర చెదలు తిని పిండి పిండిగా ఉంది. బయట ఉన్నంత మేర ఇనుములా ఉంది. అటుక మామిడి బల్లలైతే చేత్తో పట్టుకుంటేనే విరిగాయి. వీరేశం దుకాణానికి పోయాడు గనుక పని చూసుకునేది కళావతే. తలకు తువ్వాలు చుట్టుకుని, మంచినీళ్లు అందిస్తూ, దించిన కర్రను వాకిట్లో ఎక్కడ పేర్చాలో చూపిస్తూ తిరిగింది. వెనకర్రలో రూతు గిన్నెలు గోనెసంచిలో సర్దుకుంటున్న చప్పుడు వినిపిస్తుంటే అటు చూడకుండా తిరిగింది.

లక్ష్మీనర్సమ్మ ఆ పొద్దు చింతపండు ముట్టలేదు. నడిమింటి గడప దగ్గరే కూర్చుని పైకి చూస్తోంది.

"ఎల్లస్వామీ, ఆ నడి దూలం గాడిలల్ల ఉలి పెట్టకు. ముందుగాల నేను పసుపు నీళ్లు చల్లాలె" అంది రెండు మూడుసార్లు.

"నువ్వెట్ల ఎక్కుతవ్ అవ్వా? మోకాళ్లు మొరాయిస్తానయంటివి గద."

"ఎట్లనో ఎక్కుత. నువ్వైతే ఉలి పెట్టకు."

మధ్యాహ్నం ముసలామెకు కునుకు పట్టింది. గోడకు ఆనుకుని అక్కడే ఒరిగిపోయింది. పైన ఎల్లస్వామి కొత్త పలకల కొలతకని గాడిలో వేలు పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"అమ్మా" అని పిలిచాడు, గొంతు తగ్గించి. "ఇండ్ల ఏందో గుడ్డ కట్టి పెట్టిన్రు. పసుపున్నది. మీ ఇంటి మొక్కుబడి లెక్కున్నది. నేను ముట్ట. మీరే వచ్చి తీసుకోండ్రి."

కళావతి చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని నిచ్చెన ఎక్కింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఎన్నడూ ఎక్కని చోటు. నడి దూలం ఆమె నడుమంత లావుంది. ఎల్లస్వామి చూపిన చోట, పలక నిలబడాల్సిన గాడి చుట్టూ, దుమ్ము తుడిస్తే పసుపు, దాని మీద అరిగిన కుంకుమ బొట్టు. గాడి లోపల చిన్న ముడుపు.

ఆమెకు మొదట తట్టినది ఇదే. దొంగతనానికి వచ్చినవాడు బొట్టు పెట్టి పోతాడా. సుందర్ రావు ఇంట్లో పసుపు కుంకుమలుంటాయా. ఇంట్లోంచి కర్ర ముక్క తీసినా, ఆ చోటు ఖాళీగా ఉండకూడదని పసుపు బియ్యం ముడివేసి పెట్టడం ఈ ఇంటి ఆచారం. పాత గుమ్మం తీసినప్పుడు అత్తమ్మ అట్లాగే పెట్టింది. 

ముడుపు చేతిలోకి తీసుకుని దుమ్ము దులిపింది. ఆకుపచ్చ పట్టుగుడ్డ. ఒక అంచున కుచ్చులు, ప్రతి కుచ్చు ముడిలో ఒక్కో నీలిపూస. ఆ పూసలు గుచ్చింది తనే. ఏడో నెలలో గాజులు తొడిగిన నాడు పుట్టింటివాళ్లు పెట్టిన చీర కొంగుకు, తీరుబడిగా కూర్చుని, ఒక్కొక్కటే గుచ్చుకుంది. కాన్పయి లేచాక ఆ చీర ఏదని అడిగితే, ఎలుకలు కొట్టినై బిడ్డా, పారేసిన, అంది అత్తమ్మ.

పళ్లతో ముడి విప్పింది. పసుపు బియ్యం పొడిలా రాలింది. అందులో ఒక నల్లగాజు. రెండు వేళ్లకు మించి ఎక్కనంత చిన్నది.

పుట్టబోయే బిడ్డకు ముందే ఏమీ కొనకూడదని పెద్దలు అంటారు. అయినా ఆగలేక, బజారులో ఒక గాజులామె దగ్గర రెండు నల్లగాజులు కొని, ఎవరికీ చెప్పకుండా ట్రంకుపెట్టె అడుగున దాచుకుంది కళావతి. ఆ పెట్టె మళ్లీ తెరిచినప్పుడు అవి లేవు. ఎక్కడికి పోయాయని ఎవరిని అడుగుతుంది. అడిగితే కొన్న సంగతి బయటపడుతుంది. కొన్నందుకే బిడ్డ దక్కలేదేమో అన్న భయం అప్పటికే ఆమెను తింటోంది.

"దిగుండ్రమ్మా, కండ్లు తిరుగుతానట్టున్నయి" అన్నాడు ఎల్లస్వామి.

"ఏం లేదు" అంది. గాజును గుప్పిట్లో మూసుకుని దిగింది.

*

రూతు గోనెసంచి మూతి కుడుతోంది. కళావతి వచ్చి ఎదురుగా నేల మీద కూర్చుంది. అరచేయి తెరిచింది. రూతు దబ్బనం ఆగిపోయింది.

"ఇదేందక్కా?"

"మీ మామకు మాటిచ్చినం చెల్లె."

"మామ పోయి మూడేండ్లాయె."

"మనిషి పోతే మాట పోతదా?"

"నీ మొగన్ని దొంగంటాన్రు. వాడంతా వింటాన్రు. నేను సుత నిన్ను దొంగే అనుకున్న" అంది కళావతి. "నా బిడ్డదా ఇది? చెప్పక్కా. నీ కాళ్లు మొక్కుత."

రూతు దబ్బనాన్ని సంచికి గుచ్చి పెట్టి, లేచి, అర్ర తలుపు దగ్గరికి వేసి వచ్చింది. మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది.

ముసురు పట్టిన రోజులు. వీరేశం సరుకు కోసం భీవండి పోయి ఉన్నాడు. కళావతికి ఒంటి మీద తెలివి లేదు. పొద్దున్నే మామ పసిదాన్ని కండువాలో చుట్టుకుని, వాగు పక్కన తమవాళ్లు పసిపిల్లల్ని పెట్టే చోటుకు ఒక్కడే పోయాడు. గంట తర్వాత అదే కండువాతో, అదే బిడ్డతో, మోకాళ్ల దాకా బురదతో వెనక్కి వచ్చి ఈ అర్ర అరుగు మీద కూలబడ్డాడు. 

"తవ్వితే తవ్వినకాడికి నీళ్లే ఊరుతానయి, ఆ నీళ్లల్ల ఎట్ల పెట్టాలె రూతూ అని ఏడ్సిండు చెల్లె. గంత పెద్ద మనిషి ఏడ్వంగ నేను ఎన్నడు జూడలే. మా బొందల గడ్డ గుట్ట మీద ఉంటది, నీళ్లు నిలవయి. మా ఆయన పోయి పాస్టరుకు ఉన్నదున్నట్టు చెప్తే, పసిదానికి కులమేంది, తీసుకరాండ్రి అన్నడు. గని పెట్టె కావాలె. ఆ వానల ఏ దుకాణం తెరిసి లేదు. అటుకల బల్లలున్నయి గదా అని ఇద్దరు ఎక్కిన్రు. అన్ని పురుగు తిన్న మామిడి బల్లలు. నా మనుమరాలికి పుచ్చు కర్ర పెట్టనన్నడు మామ. గా టేకు పలకలు కండ్లవడ్డయి."

"అవి కప్పును మోస్తానయని..."

"బట్టలు కొలిసే మనిషికి, మందులు కలిపే మనిషికి ఏం తెలుస్తది చెల్లె. సక్కదనానికి నిలబెట్టిన్రు అనుకున్నరు. ఈయన చీల గొట్టిండు, మామ పట్టుకున్నడు. ఈన్నే, ఈ అర్రల్నే కోసిన్రు. మామనే గజంకట్టెతోటి కొలిసిండు." రూతు ముక్కు తుడుచుకుంది. "ఒక చేతికి గాజున్నది బిడ్డకు. ఇంకోటి అత్తమ్మ దాసిపెట్టుకున్నది."

"అత్తమ్మకు తెలుసా?"

"తెలుసుడేంది. నీ చీరల చుట్టింది ఆమెనే. పసుపు పెట్టింది ఆమెనే. అప్పుడు మోకాళ్లు మంచిగుండె, గబగబ ఎక్కింది."

నిన్న గడప దగ్గర కూర్చుని, కళ్లు దించుకుని, వేలికి అంటిన పీచు తీసుకున్న మనిషి కళావతి కళ్ల ముందు మెదిలింది. పోతరు తియ్ అన్నది. ఆ మాట కొడుకును చల్లార్చడానికి అన్నదనుకుంది తను.

"ఎట్లుండె అక్కా? నేను చూడనన్న చూడలే."

"నుదురు నీదే" అంది రూతు.

"ఏ జాగల ఉన్నది?"

"అత్తమ్మను అడుగు. మేం చెప్పవలసింది ఇప్పటికే ఎక్కువైంది. ఆమె నోటితోటి ఆమె చెప్తే, నేనే తోల్కపోయి చూపెడ్త."

*

శుక్రవారం పొద్దున కొత్త దంతెలు గోడల్లో కూర్చున్నాయి. వీధిలో తోపుడు బండి మీద సుందర్ రావు సామాను ఎక్కింది. మంచం కోళ్లు పైకి పెట్టి తాడు కట్టాడు. కాజీపేటలో ఒక అర్ర దొరికిందట.

లారీ జాకీ ఒకటి తెచ్చి, మొద్దు మీద నిలబెట్టి, ఎల్లస్వామి వెన్ను దూలాన్ని మెల్లమెల్లగా పైకి లేపాడు. ప్రతి మలుపుకూ పాత కర్ర కిర్రుమంది. గాడికి సరిపడా ఎత్తు లేచాక కొత్త టేకు పలక తెచ్చి నడి దూలానికి ఆనించి నిలబెట్టాడు. ఇక ఇంటి ఇల్లాలు పైకెక్కి పలకకు పసుపు రాసి, బొట్టు పెట్టి, పసుపు గుడ్డ కట్టాలి. అది కాకుండా వడ్లాయన పలకను గాడిలోకి తోయడు. లక్ష్మీనర్సమ్మకు ఆ యోగ్యత భర్తతోనే పోయింది. కట్టాల్సిన చేయి కళావతిదే.

కళావతి పళ్లెం పట్టుకుని నిచ్చెన దగ్గరికి వచ్చింది. ఎక్కలేదు.

"కానియ్, జాకీ మీద ఎక్కువసేపు ఉంచద్దట" అన్నాడు వీరేశం.

ఆమె పళ్లెంలో పసుపు గిన్నె పక్కన పెట్టిన ముడుపును తీసి, గడప దగ్గరున్న అత్త ముందు నేల మీద పెట్టింది. ఆకుపచ్చ గుడ్డ మీద నల్లగాజు.

"ఇది ఎవలు కట్టిన్రో చెప్పు అత్తమ్మా. చెప్పినంకనే నేను బొట్టు పెడ్త."

లక్ష్మీనర్సమ్మ గాజును కొంగుతో కప్పబోయింది. కళావతి ఆ చేయి పట్టుకుంది. పెళ్లయినప్పటి నుంచి అత్త చేయి అట్లా పట్టుకోవడం అదే మొదలు.

"ఏందే ఇదంతా" అన్నాడు వీరేశం. "మంచి గడియల ఏం లొల్లి. అమ్మా, ఏంది?"

పైన ఎల్లస్వామి జాకీ పిడి పట్టుకుని అట్లాగే ఉన్నాడు. వీధిలోంచి సుందర్ రావు, రూతు వాకిట్లోకి వచ్చి నిల్చున్నారు, తాళం చెవి ఇవ్వడానికి. 

"నేనే కట్టిన" అంది లక్ష్మీనర్సమ్మ చివరికి, ఎవరి వైపూ చూడకుండా. "మీ నాయిననే తీయించిండు పలకలు. కళావతి బిడ్డకు పెట్టె జేసిన్రు. ఈళ్ల బొందల గడ్డల పెట్టిన్రు."

వీరేశం వాకిట్లోకి దిగాడు. పెంకుల కుప్ప మీద కూర్చోబోతే రెండు పెంకులు విరిగాయి. అవి విరిగిన సంగతి కూడా ఆయనకు తెలియలేదు.

"దొంగలంటాంటే చూసుకుంట కూసున్నవ్" అంది కళావతి. అరవలేదు. అరిచే బలం ఆమెలో లేదు. "వాకిట్ల నిలబడి దొంగలంటాంటే, పోతరు తియ్ అంటివి."

"మరేం జెయ్యమంటవ్? చెప్తే నీకు తెలుస్తది. నీకు తెలిస్తే ఆడికి పోతవ్. పోయిన బిడ్డ జాగ తల్లి చూస్తే, తర్వాతి బిడ్డకు మంచిది గాదు. మా అక్కకు గట్లనే అయింది, నా కండ్లతోటి జూసిన. పిలగాడు పుట్టినంక నాకు ఇంకింత భయమాయె. ఈళ్లు ఈన్నే ఉంటే ఎన్నడో ఒకనాడు నోరు జారుతరని రోజూ భయమే." అంది ముసలామె. "నల్గురికి తెలిస్తే ఏమంటరో అని సుత ఉండె. అబద్ధమాడ."

అంత పాడు పనినీ ప్రేమ కిందే చేసిందన్నది కళావతికి అర్థమవుతూనే ఉంది. అర్థమైతే కోపం తగ్గాలి గదా, తగ్గలేదు.

"అమ్మా" అన్నాడు పై నుంచి ఎల్లస్వామి, బతిమాలుతున్నట్టు. "జాకీ..."

ఆమె పళ్లెం తీసుకుని ఎక్కింది. పలకకు పసుపు రాసింది. బొట్టు పెట్టింది. గుడ్డ కట్టింది. చేతులు వాటంతట అవే చేశాయి. ఎల్లస్వామి కొయ్య కొడతితో మెల్లగా తట్టి పలకను గాడిలోకి తోశాడు. రెండోది కూడా కూర్చున్నాక జాకీ దించితే, ఇల్లంతా ఒకసారి కిర్రుమని సర్దుకుంది.

ఆమె దిగేసరికి వీరేశం వాకిట్లో సుందర్ రావు ఎదురుగా నిల్చుని ఉన్నాడు. మంచం తాడు విప్పడానికి బండి వైపు కదలబోయాడు. సుందర్ రావు ఆయన చేయి మీద చేయి వేసి ఆపాడు.

"వద్దు సేటూ. పెద్దాయన చెప్పద్దన్నడు, చెప్పలే. మీరు అడిగిన్రు, అబద్ధమాడలే. మా పని అయిపోయింది. కోపంతోటి పోతలేం. గని వాడంతా విన్నంక ఈడ నిద్ర పట్టది."

"నేను వాడందరి ముంగట చెప్త..." 

"చెప్పండ్రి. చెప్పుడు మంచిదే" అన్నాడు సుందర్ రావు. తాళం చెవి ఆయన చేతిలో పెట్టి బండి వైపు నడిచాడు.

కళావతి ముడుపును మళ్లీ కట్టింది. లక్ష్మీనర్సమ్మ చేయి చాచింది, దాన్ని తిరిగి ఎక్కడైనా ఇంట్లోనే పెడదామని. కళావతి ఇవ్వలేదు. కొంగున ముడేసుకుని, చెప్పులు వేసుకుంది.

"పోకు బిడ్డా" అంది ముసలామె. "పిలగాడున్నడు. నీ కాళ్లు పట్టుకుంట, పోకు."

పిలగాడి మాట వినగానే కళావతి కాళ్లు ఆగాయి. భయం ఆమెకూ ఉంది, లేదని ఎవరన్నా నమ్మదు. ఇంతకాలం వాడు పడుకున్న చోటు గుర్తొచ్చింది. ఏమీ చూడని, ఏమీ తెలియని ఇన్నేళ్లూ వాడు కూలబోయే కప్పు కిందే పడుకున్నాడు. చూడనందువల్ల జరిగిన మేలు అదీ. ఆమె గడప దాటింది.

*

గుట్ట దగ్గరికి వచ్చాక సుందర్ రావు బండివాణ్ణి రోడ్డు మీద ఆపాడు. తను బండి దగ్గరే ఉండిపోయాడు. రూతు ముందు నడిచింది, కళావతి వెనక. ఎండకు గడ్డి కరకరమంటోంది. సిలువలున్న సమాధులు దాటి, ప్రహరీ గోడ పక్కకు పోయాక, మూరెడు పొడవు గద్దె ఒకటి. సున్నం వేసి ఉంది. పేరు లేదు, సిలువా లేదు.

"మీ పద్ధతి వేరాయె, అందుకే సిలువ పెట్టలే" అంది రూతు. "ఏటా పండుగకు సున్నం ఈయనే వేస్తడు. మామ ఉన్నన్నాళ్లు వచ్చి ఆ గోడ పొంటి కూసొని పోయేది."

కళావతి కూర్చుంది. గద్దె మీద చేయి పెట్టింది. సున్నం అరచేతికి అంటుకుంది. గద్దె మీద ఎండి నల్లబడిన పూరేకులు కొన్ని సున్నంలో అతుక్కుని ఉన్నాయి. గోటితో ఒకటి తీసి చూసింది. చేమంతి.

తల ఎత్తి రూతు వైపు చూసింది.

"మావోల్లకు అని అడిగేదాన్ని గద" అంది రూతు. "ఒక గుప్పెడు మా అమ్మకు. ఒక గుప్పెడు ఈమెకు. నీ చేతిపూలే ఉండాలని బయట ఎన్నడు కొనలే."

కళావతి ఆ రేకును అరచేతిలో పెట్టుకుంది.

"పోయినేడు ఒక్క గుప్పెడే ఇచ్చిన అక్కా."

"ఔను" అంది రూతు, పక్కన కూర్చుంటూ. "పోయినేడు మా అమ్మకు పెట్టలే."